దిండు కింద బిళ్ళ

ఎనభై ఆరు మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే సంతోషకుమారి మంగళగిరి చీర కట్టుకుంటోంది. పది గంటలకు చర్చిలో ఆడపడుచు రెబ్కా కొడుక్కి బాప్తిస్మం. జ్ఞానతల్లిగా బిడ్డను ఎత్తుకునేది నువ్వే వదినా అని రెబ్కా అడిగినప్పటినుంచి ఆమె కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ముగ్గురు బిడ్డల్ని కడుపులోనే పోగొట్టుకున్న మనిషి, ఓ అరగంట పసివాణ్ణి ఎత్తుకోవడానికి నెల రోజులుగా ఎదురుచూస్తోంది.

వాకిట్లో అత్త ఎలీసమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆదివారం కూడా ఆవిడ చేతులు ఊరుకోవు, నోరూ ఊరుకోదు.

“బిడ్డని నువ్వు ఎత్తుకోవద్దమ్మా. మూడు కడుపులు నిలవని చెయ్యి. పసిగుడ్డుకేమన్నా అయితే?”

“రెబ్కాయే అడిగింది గదా అత్తయ్యా!”

“దానికేం తెలుసు? ఇంకెవరన్నా ఎత్తుకుంటార్లే.”

సంతోషకుమారి చీర మార్చుకోవడానికి వెనక్కి తిరిగింది. గడ్డం గీసుకుంటున్న ఆమె భర్త సంజీవరావు సబ్బు మొహంతోనే బయటికొచ్చాడు. పన్నెండేళ్ళుగా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది అతనే. పిల్లలు బెదిరితే “కదలకు నాన్నా, అయిపోయింది” అంటూ తనే పట్టుకుని నిలబడేవాడు. కిరణాలు తగలకుండా ఇచ్చిన సీసం ఆప్రాన్ ఉక్కపోతకి వేసుకునేవాడు కాదు.

“అమ్మా, దాన్ననకు. లోపం నా రక్తంలో ఉంది” అంటూ కాగితం చూపించాడు. “మద్రాసులో పరీక్ష చేశారు. ఏళ్ళ తరబడి కిరణాలు కొంచెం కొంచెంగా తగిలి, కణాల్లో క్రోమోజోములు అక్కడక్కడ విరిగాయంట. బిడ్డలు అందుకే పోయారా అంటే డాక్టరుగారు చెప్పలేనన్నారు. కాదనీ చెప్పలేనన్నారు.”

“ఆ కిరణాలకే గదా, చొక్కాకి పెట్టుకోమని ఆసుపత్రిలో బిళ్ళ ఇచ్చారు గదరా?”

సంజీవరావు తల దించుకున్నాడు. “అది కాపాడుతుందనుకున్నానమ్మా. మొదటి బిడ్డ పోయాక తీసుకొచ్చి దీని దిండు కింద పెట్టాను. అది కాపాడదంట. ఎంత తగిలిందో చూపిస్తుందంతే. దిండు కిందున్నదాన్నే లెక్క చూడ్డానికి బొంబాయికి పంపితే, ప్రతిసారీ ఏమీ తగల్లేదనే వచ్చేది. నన్ను ఎక్స్‌రే గదిలోంచి మార్చాలని ఎవరికీ తోచలేదు.”

“కాగితం ఎప్పుడొచ్చింది?” అంది సంతోషకుమారి.

“పది రోజులైంది.”

“పది రోజులూ నన్నంటుంటే వింటూ కూర్చున్నారా?”

ఆమెకు ఏడుపొచ్చింది. గుచ్చుకుంటోందని ఎన్నిసార్లు తీసేసినా మళ్ళీ దిండు కిందికే చేరే ఆ బిళ్ళ గుర్తొచ్చింది. తనను కాపాడుతుందనుకున్నదాన్ని ఆమెకిచ్చి, రోజూ ఉత్త చొక్కాతో పనిలోకి పోయాడు పిచ్చి మనిషి. కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి కూడా వచ్చి చేరింది.

ఎలీసమ్మ లేచి నిలబడింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకోలేక, కారుతున్న కన్నీళ్ళను అలాగే వదిలేసింది.

“చీర మార్చకమ్మా. చర్చికి టైమవుతోంది.”

చర్చిలో ఆవిడే రెబ్కా చేతుల్లోంచి మనవణ్ణి తీసుకుని కోడలి చేతుల్లో పెట్టింది. ఆరాధన అయ్యేదాకా సంతోషకుమారి వాణ్ణి దించలేదు. బయటికొచ్చాక భర్త ముందుకు చాపితే, అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

“నావల్ల వాడికేమన్నా…”

“అదేం అంటుకునేది కాదుగా! ఊళ్ళో పిల్లలందర్నీ పట్టుకున్నారు. మేనల్లుణ్ణి ఒక్కసారి ఎత్తుకోండి.”

ఎత్తుకున్నాడు. పిల్లాడు కాళ్ళు తన్నుకుంటూ ఏడుపందుకున్నాడు.

“కదలకు నాన్నా, అయిపోయింది” అన్నాడు అలవాటుగా. పిల్లాడు ఊరుకున్నాడు. సంజీవరావే వాడి మెడలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.