ఒక్క ఫోన్‌లోనే మొదటి స్థానం

"'తెగిన దారం చెప్పిన కథ' అని సెర్చ్‌లో ఎవరైనా కొడతారాండీ?" అన్నాడతను, ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే.

చిట్టికి ఒళ్లు మండింది. తన ఉత్తరానికి ఆ పేరు కోసం ఒక పూటంతా బుర్ర బద్దలు కొట్టుకుంది మరి.

"కొట్టకపోతే మానేయమనండి. నా ఉత్తరం, నా ఇష్టం."

"ఉత్తరం మీదే. చదివేవాళ్లు కూడా మీవాళ్లే. అదే కదా ఇబ్బంది!"

ఆ మాట మాత్రం నిజం. చిరిగినవి, ఊడినవి, బిగుతైనవి ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవాలో చిట్టి ప్రతి ఆదివారం ఈమెయిల్‌లో ఒక ఉత్తరం పంపుతుంది. దానికి న్యూస్‌లెటర్ అని పెద్ద పేరు. అందుకునేవాళ్లలో సగం మంది చుట్టాలు, మిగతావాళ్లు చుట్టాల మొహమాటానికి చేరినవాళ్లు. వానలు తగ్గేలోగా అది నిలదొక్కుకోకపోతే, పిన్ని చూసిపెట్టిన ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోతానని అమ్మకు మాటిచ్చింది. మాటిచ్చినప్పుడు వానలు చాలా దూరంలో ఉన్నాయి. ఇప్పుడేమో కిటికీ మీద దబదబా బాదుతున్నాయి.

అందుకే అన్నయ్య తన ఆఫీసు నుంచి ఈ స్నేహితుణ్ణి పట్టుకొచ్చాడు. వెబ్‌సైట్లను సెర్చ్‌లో పైకి తీసుకురావడం ఇతని పని. మాట మాటకీ 'మొదటి పేజీలోకి రావాలి' అంటాడు కనక చిట్టి అతనికి 'మొదటిపేజీ' అని పేరు పెట్టేసింది.

అతను ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. "మీ పాత ఉత్తరాలన్నీ ఈమెయిళ్లలోనే మగ్గుతున్నాయి. సెర్చ్‌కి అవి కనపడవు. ఒక్కోదాన్నీ సైట్‌లో ఒక్కో పేజీగా పెడదాం. పైన జనం అడిగే ప్రశ్న, కింద మీ జవాబు. చివర్న, ఇలాంటివి ప్రతి ఆదివారం కావాలంటే మీ ఈమెయిల్ ఇవ్వండి అని ఒక మాట."

"జనం ఏమని అడుగుతారట?"

"'కుట్టుమిషన్‌లో దారం ఎందుకు తెగుతోంది?'"

"ఎంత చప్పగా ఉంది!"

"దారం తెగి చిర్రెత్తినవాళ్లకి కవిత్వం ఎక్కడొస్తుందండీ?"

చిట్టికి నవ్వాగలేదు. టీ కప్పు అడ్డం పెట్టుకుంది గానీ, అతను చూడనే చూశాడు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చేవాడు. ప్రతి పేజీకీ పోట్లాటే. చివరికి పైన పేరు అతనిది, మొదటి వాక్యం ఆమెది అని రాజీ కుదిరింది. ఆమె రాసింది నిజమో కాదో చూస్తానని ఒకరోజు ఒంటిమీదున్న చొక్కాకే గుండీ కుట్టబోయి, బనియన్‌తో కలిపి కుట్టేసుకున్నాడు.

"దీనికేం చేయాలో సెర్చ్‌లో కొట్టండి," అంది చిట్టి, కత్తెర వెతుకుతూ.

"మీరు రాయలేదు కదా, దొరకదు," అన్నాడు. కత్తెరతో ఆమె దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు. చిట్టి కూడా తొందరేం లేనట్టు ఒక్కో పోగే కత్తిరించింది.

ఒక మధ్యాహ్నం తడిసి ముద్దై, ఫోన్ పైకెత్తి పట్టుకుని ఇంట్లోకొచ్చాడు. "జిప్పు ఇరుక్కుంటే ఏం చేయాలని కొట్టాను. మనమే మొదటి స్థానం!"

బట్టలు మడతపెడుతున్న అమ్మ ఆ ఫోన్ తీసుకుని చూసింది. నిజమే, అన్నిటికన్నా పైన చిట్టి పేజీ. "అయితే నువ్వు రావని పిన్నికి చెప్పేయనా?" అంది. చిట్టి ఎగిరి గంతేసింది. అమ్మ అప్పుడే పిన్నికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

ఆ సంబరంలో మరోసారి చూద్దామని చిట్టి అమ్మ ఫోన్‌లో అవే మాటలు కొట్టింది. మొదటి పేజీలో లేదు. రెండో దాంట్లోనూ లేదు. ఎక్కడో నాలుగో పేజీ అడుగున బిక్కుబిక్కుమంటూ ఉంది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒకే సైట్‌కి పదే పదే వెళ్తుంటే, మన ఫోన్ దాన్నే మనకి పైన చూపిస్తుందండీ. అందుకే సొంత ఫోన్‌లో చూసి నమ్మొద్దని కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్తాను."

"చెప్పేవాళ్లే అలా ఎలా మర్చిపోయారు?"

"పొద్దున్నే మీ పేజీలు తెరవడం అలవాటైపోయింది."

"స్థానం చూడ్డానికా?"

"చదువుకోడానికి." ఇప్పుడా మొహం ఎర్రబడింది. "గుండీల ఉత్తరం నాకు నోటికొచ్చు."

చిట్టికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇక మళ్లీ పిన్నిని బతిమాలుకోవాలి, ఆ ఊరు వెళ్లిపోవాలి. అయినా గుండె మాత్రం గంతులేస్తోంది.

"పని చేయడానికి పిలిస్తే పాఠకుడై కూర్చున్నారా? వానలు ఇంకా తగ్గలేదు. తీయండి ల్యాప్‌టాప్," అంది.

ఈసారి పోట్లాడుకోలేదు. అసలు కిటుకును ఆఖర్న దాచిపెట్టే అలవాటు చిట్టి మానుకుంది, జవాబు ముందే చెప్పేసింది. సూది ఎటు తిప్పి పెట్టాలో ఫొటోలు తీసింది. అతను దారం పేజీ నుంచి సూది పేజీకి, జిప్పు పేజీ నుంచి గుండీల పేజీకి లింకులు వేశాడు. మెల్లగా చుట్టాలు కాని పేర్లు వచ్చి చేరడం మొదలైంది. కానీ అమ్మ ఆ లెక్కలు నమ్మే దశ దాటిపోయింది. వానలు తగ్గగానే పిన్నికి మళ్లీ ఫోన్ చేస్తానంది.

వానలు సన్నబడ్డ ఒక ఆదివారం, అమ్మ మిషన్ ముందు కూర్చుని కేకేసింది.

"చిట్టీ! ఈ దారం తెగి తెగి ప్రాణం తీస్తోందని ఫోన్‌ని అడిగాను. అన్నిటికన్నా పైన ఎవరో అమ్మాయి రాసింది, సూది తిరగేసి పెట్టారేమో చూడమని. చూస్తే నిజంగానే తిరగేసి ఉంది! ఆదివారం ఆదివారం పంపుతుందట, నా ఈమెయిల్ కూడా ఇచ్చేశాను."

చిట్టి ఆ ఫోన్ చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, ఆ అమ్మాయిని నేనే."

అమ్మ కళ్లజోడు పైకి తోసి మళ్లీ చదివింది. "నువ్వా? ఇంత తిన్నగా నాతో ఒక్కనాడూ మాట్లాడవేం?" అని దగ్గరికి లాక్కుంది. "పిన్నికి మళ్లీ ఫోన్ చేయక్కర్లేదులే."

అప్పుడే గుమ్మంలో గొడుగు ముడుస్తూ అతను కనిపించాడు.

"రా బాబూ, భోజనం చేసి వెళ్దువుగాని," అంది అమ్మ. "నీ ఫోన్‌ని మాత్రం ఇక నమ్మం."

"నమ్మొద్దండీ. అందులో ఎప్పటికీ మీ అమ్మాయిదే మొదటి స్థానం."

"అది మాకు ఎప్పుడో తెలుసు," అని అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది, ఇంకో కంచం తీయడానికి.

అతను తల దించుకుని గొడుగుతో కుస్తీ పడుతున్నాడు. చిట్టి వెళ్లి ఆ గొడుగు అందుకుంది.

"మరి నా ఫోన్‌లో మొదటి స్థానం ఎవరిదో అడగరేం?"