మామిడి జీడి వెన్న

కార్తీక మాసం చివరి వారం. తిరుపతిలో చలి మొదలైంది. సంపత్కుమార్ స్నానం ముగించి, వసారాలో అద్దం ముందు కూర్చుని నామం దిద్దుకుంటున్నాడు. అరచేతిలో తిరుమణి సుద్ద నూరుకుని చూపుడువేలితో నుదుట గీశాడు. తెల్లని గీత పక్కనే ఎర్రటి చుక్క పడింది. తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ పడింది. వేలి కణుపు దగ్గర చర్మం పగిలి నెత్తురు చెమ్మగిల్లుతోంది.

ఉతికిన ఉత్తరీయం తెచ్చిన భార్య గోదాదేవి అది చూసింది. ఎదురుగా కూర్చుని, పుల్లతో తనే ఆయన నుదుట నామం దిద్దింది. ఆసుపత్రికి పోదామని మెల్లగా అంది. చలికి పగిలింది, కొబ్బరినూనె రాస్తే పోతుందని ఆయన లేచాడు. ఆ మాట ఆయన దసరా నుంచీ అంటూనే ఉన్నాడు.

పెరుమాళ్ గుడి మడపల్లిలో, అంటే స్వామికి నైవేద్యాలు వండే వంటశాలలో, సంపత్కుమార్ పెద్ద వంటవాడు. తండ్రి చేసిన కైంకర్యమే కొడుక్కీ వచ్చింది. పొద్దున లేస్తే కట్టెల మంట, మరిగే నీళ్లు, చింతపండు రసం, నిమ్మకాయలు. వంట గుండిగ ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడగాలి. అలా ఏళ్ల తరబడి కడిగీ కడిగీ ఆయన చేతులు ఎండిన చెరువు అడుగులా తయారయ్యాయి.

కూతురు వేదశ్రీ కంపెనీ బస్సుకు వేళవుతోందని టిఫిను డబ్బా సర్దుకుంటూ అద్దంలో అదంతా చూసింది. అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఆమె ఫార్మసీ చదివింది. గుడి ట్రస్టు బడిలో టీచరు ఉద్యోగం చూశానని తండ్రి అంటే వద్దని, ఏర్పేడు దగ్గర ఒంటికి రాసుకునే క్రీములు చేసే కంపెనీలో చేరింది. ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటలు తగ్గాయి. బిడ్డ ఏం చేస్తుందని చుట్టాలు అడిగితే సంపత్కుమార్ మాట దాటేసేవాడు. ఏ జంతువు కొవ్వు కలుపుతారో తెలియని చోట తన బిడ్డ పనిచేయడం ఆయనకు కష్టంగా ఉండేది.

ఆ రోజు ఆయన ఎండెక్కక ముందే ఇంటికి వచ్చేశాడు. మడపల్లి పర్యవేక్షణ చూసే సుబ్రమణ్యం, ఆయన ఉత్తరీయం అంచు మీద నెత్తురు మరక చూశాడట. మర్యాదగానే చెప్పాడట. చేతులు మానేవరకు వంట ముట్టుకోవద్దన్నాడు. ధనుర్మాసం వస్తోంది, నెలంతా తెల్లవారకముందే పొంగలి నైవేద్యం పెట్టాలి, అప్పటికీ మానకపోతే కంచి నుంచి వేరే మనిషిని పిలిపించక తప్పదన్నాడు.

"తప్పు ఆయనది కాదులే. స్వామి సొత్తు మీద నెత్తురు పడకూడదు," అని సంపత్కుమార్ వసారాలో కూర్చున్నాడు. అన్నానికి కూడా లేవలేదు.

మరునాడు వేదశ్రీ సెలవు పెట్టి ఆయన్ని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు చేతులు తిప్పి చూసి, ఇది అంటురోగం కాదని, నీళ్లూ సబ్బూ వేడీ కలిసి చర్మంలోని జిడ్డునంతా కడిగేశాయని చెప్పాడు. ఆ జిడ్డు తిరిగి అందిస్తే చాలునని చీటీ మీద ఒక లేపనం పేరు రాసిచ్చాడు. వేదశ్రీ మందుల షాపులో ఆ ట్యూబు కొని, అలవాటుగా వెనక చిన్న అక్షరాలు చదివింది. ఆమె ముఖం మారింది.

ఇంటికి రాగానే గోదాదేవి మూత తీయబోయింది. సంపత్కుమార్ చెయ్యి అడ్డం పెట్టి కూతుర్ని అడిగాడు.

"దీంట్లో ఏముండాది?"

వేదశ్రీ ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. చెప్పొద్దని గోదాదేవి కళ్లతోనే వేడుకుంది.

"లానొలిన్ ఉంది నాయనా. గొర్రె ఉన్నిలోంచి తీసే మైనం. గొర్రెను చంపరు. ఉన్ని కడిగేటప్పుడు వస్తుంది."

సంపత్కుమార్ చేతిని వెనక్కి తీసుకున్నాడు.

"ఆ మైనం పూసుకుని నన్ను స్వామికి పొంగలి వండమంటావా?"

"కంబళి మడికి పనికొస్తుంది కదా నాయనా. అదీ ఉన్నే కదా?"

"కంబళి మీద కూర్చుంటాం. దాన్ని కరిగించి వంట చేతికి రాసుకోము." ఆయన ట్యూబును పక్కకు నెట్టాడు. "నీ చదువు ఇందుకే పనికొచ్చిందా? మీ తాత ముట్టిన గుండిగను నేను ఈ చేతులతో ముట్టుకోవల్లనా?"

వేదశ్రీకి కళ్లు నిండాయి. అయినా తల దించలేదు. "మీరు అడిగినారు, నేను దాచలేదు. దాచి పూసి ఉంటే మీకు తెలిసేది కాదు. నా పనిని మీరెంత తక్కువగా చూసినా, నేను మీకు అబద్ధం చెప్పి మందు రాయను," అని లోపలికి పోయింది.

సంపత్కుమార్ వసారాలోకి పోయి కూర్చున్నాడు.

వంటింటి గడప దగ్గర గోదాదేవి కూతుర్ని పట్టుకుంది. చెప్పకుండా ఉంటే రేపటికి మానడం మొదలయ్యేది కదే అని ఏడ్చింది. అలా మానిన చేతులతో నాయన స్వామి ముందు నిలబడలేడమ్మా అంది వేదశ్రీ. ఆ మాట వసారాలోకి వినిపించింది.

రెండు మూడు రోజులు ఆ ట్యూబు మూత తీయకుండానే ఉంది. ఆదివారం పొద్దున గోదాదేవి పొంగలి చేసింది. తండ్రి ఎదుట విస్తరి వేసి, వేదశ్రీ దూరంగా కాకుండా పక్కనే కూర్చుంది.

"నాయనా, పొంగలి దించినాక పైన నెయ్యి ఎందుకు పోస్తారు?"

వంట గురించి అడిగితే సంపత్కుమార్ జవాబు చెప్పకుండా ఉండలేడు. "పోయకుంటే గాలికి పైన అట్ట కడుతుంది. లోపల పిడచ అయిపోతుంది. నెయ్యి మెతుకు మెతుక్కీ మధ్య దూరుతుంది, పైన మూత మాదిరి నిలుస్తుంది. మధ్యాహ్నందాకా మెత్తగానే ఉంటుంది."

"చర్మమూ అంతే నాయనా. మెతుకుల మాదిరి కణాలుంటాయి. వాటి మధ్య దేవుడిచ్చిన జిడ్డు ఉంటుంది. వేణ్ణీళ్లకీ సబ్బుకీ అది పోతే సందులు పడతాయి. లోపలి తడి ఆ సందుల్లోంచి ఎగిరిపోతుంది, చర్మం బిరుసెక్కి పగులుతుంది. ఆ సందులు పూడ్చేదాన్నే మేము ఎమోలియెంట్ అంటాము. నేను రోజూ చేసేది ఆ పనే."

సంపత్కుమార్ ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు. "మరి కొబ్బరినూనె రాస్తాను కదా?"

"అది సందుల్లోకి పోతుంది, కానీ నిలవదు. మీరు ఇంకోసారి చెయ్యి కడగ్గానే సగం పోతుంది. దానికి గట్టి తోడు కావల్ల. బయట గడ్డగా ఉండి, చేతి వేడికి కరిగేది. ఉన్ని మైనమే కానక్కర్లేదు. మామిడి టెంకలో జీడి ఉంటుంది చూడండి, దాంట్లోంచి వెన్న లాంటిది వస్తుంది. బంగారుపాళ్యంలో తీస్తారు. ఈ రోజు పోయి తెస్తాను. నేనే చేస్తాను."

గోదాదేవి తానూ వస్తానంది, యాడ తీస్తారో కళ్లతో చూస్తే ఆయనకు చెప్పవచ్చు కదా అని. సంపత్కుమార్ చెయ్యి కడుక్కుని వచ్చి ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

"మీరు చూసి నాకు చెప్పడమెందుకు? నేనే వస్తాను," అన్నాడు.

ముగ్గురూ పూతలపట్టు మీదుగా చిత్తూరు చేరి, అక్కడ బస్సు మారి బంగారుపాళ్యంలో దిగారు. గుజ్జు ఫ్యాక్టరీలు పారేసిన టెంకలను వేసవిలోనే కొని ఎండబెట్టి, జీడి తీసి గానుగ ఆడించే చిన్న షెడ్డు ఒకటుంది అక్కడ. నిర్మలమ్మ అనే ఆవిడ నడుపుతోంది. వేదశ్రీ ముందే ఫోన్ చేసింది కాబట్టి ఆమె గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. టెంకల గోతాల నుంచి, జీడి కడిగే తొట్టి, మిషను, వడపోత వరకు సంపత్కుమార్ ఒక్కొక్కటీ వంగి చూశాడు. ఇదే మిషన్లో ఇంకేమైనా ఆడిస్తారా అని అడిగాడు. జీడి తప్ప ఇంకోటి పెట్టేది లేదని నిర్మలమ్మ చెప్పి, గిన్నెలో కొంచెం వెన్న తెచ్చి ఇచ్చింది.

మీగడ రంగులో గట్టిగా ఉంది. సంపత్కుమార్ కొంచెం తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. నిమిషంలో కరిగి మెరిసింది. వాసన చూశాడు. మూడు పదుల ఏళ్లు నెయ్యి మంచిచెడ్డలు చూసిన మనిషి ఆయన. తనంతట తనే కూతురి వైపు తిరిగి మాట్లాడాడు.

"నెయ్యికన్నా గట్టిది. వాసన లేదు. బాగుండాది."

ఆ సాయంత్రమే వంటింట్లో వేదశ్రీ పని మొదలుపెట్టింది. జీడి వెన్న, కొబ్బరినూనె, బియ్యపు తవుడులోంచి తీసిన మైనం కొంచెం. మూడిటినీ వేణ్ణీళ్ల గిన్నెలో పెట్టి కరిగించింది. నీళ్లు కలపకపోతే చెడిపోదని, నిలవ ఉంచే మందులు కలపనక్కర్లేదని తల్లికి చెబుతూనే ఉంది. కానీ పొద్దున చూస్తే లేపనం రవ్వలా పలుకులు కట్టింది. పగుళ్ల మీద రాస్తే ఇసుక రుద్దినట్టుంది. సంపత్కుమార్ పళ్లు బిగబట్టాడు. వేదశ్రీ ముఖం చిన్నబోయింది.

"మెల్లగా చల్లారనిచ్చినాను నాయనా, అందుకే పలుకులు కట్టింది. కలుపుతూ తొందరగా చల్లార్చాల. కంపెనీలో దానికి మిషన్ ఉంది. ఈడ అంతసేపు ఒకే తీరున తిప్పడం నా చేతికి రాదు."

"ఆ గిన్నె ఇట్లా ఇయ్యి," అన్నాడు ఆయన.

పగిలిన చేతులకు గోదాదేవి మెత్తటి గుడ్డ చుట్టింది. వేదశ్రీ మళ్లీ అంతా కరిగించి గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో దించింది. సంపత్కుమార్ తెడ్డు పట్టుకున్నాడు. అంచులకు అంటకుండా, అడుగున నిలవకుండా, ఒకే తీరున తిప్పుతున్నాడు. కూతురు వేలితో అంచు తాకి చూస్తూ ఇంకా కావల్ల, ఇంకొంచెం అంటోంది. ఆయన సరే అని తిప్పుతున్నాడు. కూతురు చెప్పినట్టు ఆయన వంటింట్లో తెడ్డు తిప్పడం గోదాదేవి తలుపు దగ్గర నిలబడి చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది. లేపనం చిక్కబడి, నునుపు తేలి, కొత్తగా చిలికిన వెన్నలా నిలిచింది.

చెయ్యి కడిగిన ప్రతిసారీ, తడి పూర్తిగా ఆరకముందే రాయాలని వేదశ్రీ చెప్పింది. తడి మీద రాస్తే ఆ తడిని లోపలే పట్టి ఉంచుతుంది, ఎండిన చేతికి రాస్తే సగమే పనిచేస్తుంది. మొదట్లో ఆయన మరిచిపోయేవాడు. ఆమె వెంటపడి గుర్తుచేసేది. ముందు మంట తగ్గింది, తర్వాత పగుళ్ల అంచులు మెత్తబడ్డాయి. ఒక పొద్దున ఆయన పిడికిలి బిగించి విప్పాడు. నొప్పి లేదు. మళ్లీ బిగించి చూశాడు. ఎవరినీ పిలవకుండా అద్దం ముందు కూర్చుని, తన వేలితోనే నామం దిద్దుకున్నాడు.

ధనుర్మాసానికి ముందు రోజు సంపత్కుమార్ మడపల్లికి వెళ్లి సుబ్రమణ్యం ముందు రెండు చేతులూ చాపాడు. పక్కన పెద్ద అర్చకస్వామి కూడా ఉన్నాడు. కూతురికి రమ్మని ఆయన ముందే చెప్పాడు. ఆమె గుమ్మం బయట నిలబడింది. సుబ్రమణ్యం చేతులు వెనకా ముందూ తిప్పి చూశాడు. ఎక్కడా పగులు లేదు.

"సంతోషం స్వామీ. అయితే ఒక మాట. ఏం పూసినారు? అడక్కుండా లోపలికి రానీయలేను."

సంపత్కుమార్ ఆలోచించలేదు, తడబడలేదు.

"మామిడి జీడి వెన్న, కొబ్బరినూనె, తవుడులోంచి తీసిన మైనం. మూడే. జీడి వెన్న తీసేది పోయి చూసినాను. ఇంట్లో తెడ్డు నేనే తిప్పినాను. వంటకు ముందు చేతులు శుభ్రంగా కడుక్కుంటాను, వంట అయినాకనే పూసుకుంటాను."

అర్చకస్వామి తలాడించాడు. సుబ్రమణ్యం ఇంకా అడిగాడు. "యాడ కొన్నారు?"

"కొనలేదు. మా బిడ్డ చేసింది." ఆయన వెనక్కి తిరిగి గుమ్మం వైపు చెయ్యి చూపాడు. "అదిగో, మా వేదశ్రీ. దాంట్లో ఏముందో అణువు దాచకుండా చెబుతుంది. ఆ విద్య చదివింది."

వేదశ్రీ గుమ్మం పట్టుకుని నిలబడింది. అక్కడి నుంచే ఇద్దరికీ నమస్కరించింది.

ధనుర్మాసం మొదటి రోజు పొంగలి నివేదన అయింది. ఎండ గోపురం మీదికి వచ్చేసరికి సంపత్కుమార్ గుండిగతో బయటికి వచ్చి తనే ప్రసాదం పంచాడు. వరసలో గోదాదేవి, వేదశ్రీ ఉన్నారు. అందరూ పోయాక గిన్నెలు తోమే సిద్ధమ్మ, ఆమెతోపాటు పనిచేసే ఆడవాళ్లు కొళాయి దగ్గర చేరారు. సిద్ధమ్మ ఆయన చేతులు చూసి తన చేతులు చాపింది. అవి ఒకప్పటి ఆయన చేతులకంటే అధ్వాన్నంగా ఉన్నాయి.

"సామీ, మీకు మానింది సూసినాను. మా చేతులకీ అదేందో చెప్పండి. బూడిదకీ సబ్బుకీ రేత్రి మంటకి నిద్ర పట్టదు."

సంపత్కుమార్ ఇంటికి పోయి తెస్తానని చెప్పలేదు. ఉత్తరీయం కొంగులో కట్టుకున్న చిన్న డబ్బా విప్పి కూతురి చేతిలో పెట్టాడు.

"చెప్పు తల్లీ. నాకు చెప్పినట్టే చెప్పు. అందరికీ వినపడేట్టు."

వేదశ్రీ కళ్లు తుడుచుకుని గొంతు సర్దుకుంది. ముందు చేతులు కడుక్కోండి, పూర్తిగా తుడుచుకోవద్దు అంది.

అందరికంటే ముందు సంపత్కుమార్ కొళాయి కింద చేతులు పెట్టాడు.