మెట్ల కింద మిషను

ఆదివారం పొద్దున ఫెబా చర్చి నుంచి వచ్చేసరికి, నాచారంలోని ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు గేటు దాకా వినిపిస్తోంది. తోముతున్నది మామగారు మొగిలయ్య. తోమిస్తున్నది అత్తగారు కౌసల్యమ్మ. పది రోజుల కింద ఆవిడ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి కట్టు పడింది గానీ నోటికి పడలేదు.

"గది తోముడా? అంచుకు పప్పు గట్లనే ఉన్నది, సూడు!"

"ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీల జేసిన గని, గిసొంటి సూపర్‌వైజర్‌ను సూడలే."

ఫెబా నవ్వుతూ కొంగు దోపుకుంది. "జరుగుండ్రి మామా, నేను తోముత."

"నువ్వెందుకు? ఆయన జేస్తడు తియ్యి," అంది కౌసల్యమ్మ గబుక్కున.

ఫెబా అక్కడే ఆగిపోయింది. పెళ్ళై ఏడాదిన్నర అయినా ఆ వంటగదిలో గిన్నె ముట్టుకోమని అత్తగారు ఒక్కసారీ అనలేదు.

మొగిలయ్య చేతిలో పీచు కింద పడేశాడు. "బిడ్డా, మెట్ల కింద మిషను బయటికి తీద్దామా?"

అది గిన్నెలు కడిగే మిషను. తొంభై ఆరులో ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ మూసేసినప్పుడు, విదేశీ ఇంజినీర్లు వాడి వదిలేసిన దాన్ని ముచ్చటపడి ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు మొగిలయ్య. "అందరి ఎంగిలి ఒక్క నీళ్లల్ల తిప్పుతదా? నా ఇంట్ల వద్దు," అని కౌసల్యమ్మ ఆ రోజే తేల్చేసింది. పద్నాలుగేళ్ళుగా దాని మీద ఉల్లిగడ్డల గంప కూర్చుంది.

ఫెబా చిల్కానగర్‌లో మోటార్లు బాగుచేసే మనిషి కూతురు. స్క్రూడ్రైవర్ కనిపిస్తే ఆమె చేతులు ఊరుకోవు. భర్త దుర్గేష్‌ను నిద్ర లేపి, ముగ్గురూ కలిసి మిషన్ను వాకిట్లోకి లాగారు. లోపల సాలెగూళ్ళు, ఎండిన బొద్దింకలు. పైపు పగిలింది. తలుపు రబ్బరు గట్టిపడిపోయింది.

"బయటికి తియ్యంగనే స్విచ్ వెయ్యొద్దు మామా. రబ్బర్లు నానాలె. ముందు మోటరు చేతితోని తిప్పాలె."

అడుగున మోటరు రెక్క బిగుసుకుపోయి ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళు పోసి, గంటసేపు ఆగి, ఫెబా వేళ్ళతో మెల్లగా కదిపింది. కదల్లేదు. ఇంకోసారి కదిపింది.

"తిరిగింది! మామా, తిరిగింది!"

మొగిలయ్య చప్పట్లు కొట్టాడు. దుర్గేష్ బండి మీద ఉప్పల్ ఉరికి కొత్త పైపు తెచ్చాడు. ఫెబా వైర్లన్నీ చూసి, ఎర్త్ కలిపింది. గడపలో నిలబడ్డ కౌసల్యమ్మ "జర పైలం! షాక్ కొడ్తదేమో!" అంటూనే మెడ సాచి చూసింది.

స్విచ్ వేశారు. గుర్రుమని మూలిగి, తర్వాత జలజలమని నీళ్ళు తిరిగాయి. ఆ సంబరంలో మొగిలయ్య బట్టలు ఉతికే పౌడరు రెండు గుప్పిళ్ళు లోపల పోశాడని ఎవరికీ తెలియదు. ఐదు నిమిషాల్లో తలుపు సందుల్లోంచి నురుగు పొంగి వాకిలంతా పరుచుకుంది. చెయ్యి విరిగాక కౌసల్యమ్మ పగలబడి నవ్వడం అదే మొదటిసారి.

"సరే, పెట్టుండ్రి నా గంజులు. దీని బలమేందో సూద్దాం," అంది కళ్ళు తుడుచుకుంటూ.

నురుగంతా కడిగేసి, ఫెబా కంచాలు ఒక్కొక్కటే సర్దింది. ఒక్క కంచం మాత్రం నల్లా దగ్గర విడిగా పెట్టింది.

మొగిలయ్య దాన్ని తీసుకొచ్చాడు. అంచు మీద 'ఫెబా' అని పేరు. "ఇది మర్సినవ్ బిడ్డా."

"మర్వలే మామా. అది నేను నల్ల కాడ కడుక్కుంట."

"ఎందుకు? జాగ ఉన్నది గద!"

ఫెబా అత్తగారి వైపు చూసింది. మొగిలయ్య కూడా అటే చూశాడు. దుర్గేష్ తల దించుకున్నాడు. అతను రోజూ చూస్తూనే ఉన్నాడు, చూడనట్టు తిరుగుతున్నాడు.

"అందరు నా దిక్కు సూస్తరేంది?" కౌసల్యమ్మ గొంతు లేచింది. "నేనేమన్న అన్ననా? పెండ్లైన నెలకే పేరు కొట్టిచ్చి కొత్త కంచం ఇచ్చిన!"

"ఇచ్చిన్రు అత్తమ్మా," అంది ఫెబా. "ఆ రోజే దాన్ని పట్టుకొని మా ఇంటికి ఉరికిన. మా అత్తమ్మ నా పేరు కొట్టిచ్చిందని జూపిచ్చిన. మా అమ్మ దాన్ని ఒళ్లె పెట్టుకొని ఏడ్సింది. నా బిడ్డను మంచిగ జూస్తున్నరని ప్రార్థన జేసింది. మీ కంచాలల్ల నాది కలవొద్దనే పేరు కొట్టిచ్చిన్రని నాకు మెల్లగ ఎరుకైంది. మా అమ్మకు ఇప్పటికీ చెప్పలే."

కౌసల్యమ్మ చెయ్యి తన జడ మీదికి పోయింది. ఫెబా తల్లి పాపమ్మ మొన్ననే బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చింది. "ఒక్క చెయ్యితోని ఎట్ల దువ్వుకుంటవు వదినా?" అని తల దువ్వి జడ వేసి వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక, ఆవిడ తాగిన గ్లాసును కౌసల్యమ్మ విడిగా పెట్టించింది. అది గుర్తుకొచ్చి సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోయింది.

ఎడమ చెయ్యి చాపి, మొగిలయ్య దగ్గర కంచం తీసుకుంది. ఒంటి చేత్తో తంటాలు పడి మిషనులో తన కంచం పక్కనే నిలబెట్టింది.

"ఇగ తిప్పు," అంది.

గంటసేపు నలుగురూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. తలుపు తీయగానే వేడి ఆవిరి. కంచాలన్నీ తళతళలాడుతున్నాయి. మొగిలయ్య వాటిని గాల్లో తిప్పి మరీ చూశాడు.

"ఆకలైతుంది," అంది కౌసల్యమ్మ. పది రోజులుగా మొగిలయ్యే ఆవిడకు అన్నం కలిపి పెడుతున్నాడు. అలవాటుగా లేవబోయాడు.

"నువ్వు గాదు. ఫెబా, నువ్వు పెట్టు బిడ్డా."

ఫెబా అత్తగారి కంచం అందుకోబోయింది.

"అది గాదు. నీ పేరున్నది తియ్యి." ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండాయి. "వచ్చే ఆదివారం మీ అమ్మను అన్నానికి రమ్మను. కంచం సంగతి నేనే చెప్పుకుంట."

ఫెబా ఏడుస్తూనే పప్పన్నం కలిపి మొదటి ముద్ద పెట్టింది.

"మరి మిషను మల్ల మెట్ల కిందనే పెట్టాల్నా?" మొగిలయ్య భయంభయంగా అడిగాడు.

కౌసల్యమ్మ ముద్ద మింగింది. "ఉల్లిగడ్డలకు వేరే జాగ సూడు."