చేదు లేని మాత్ర

తలుపు కొడుతున్న చెయ్యి ఆగడం లేదు. పిచ్చుక లేచి గడియ తీసేసరికి ఒకామె తూలిపడినట్టే లోపలికి వచ్చింది. భుజం మీద నిద్రపోతున్న చంటిపాప. చేతిలో చిన్న రేకు డబ్బా.

“డిటెక్టివు మీరేనా?”

“నేను కాదమ్మా. నేను ఆయన దగ్గర మాట్లాడే మనిషిని. ఆయన మాట్లాడరు” అంటూ పిచ్చుక కుర్చీ జరిపింది. వాగుడు ఎక్కువని చిన్నప్పుడు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

ఆయన కిటికీ పక్కన ఉన్నాడు. పోలీసు ఉద్యోగం వదిలి చాలా కాలమైనా అందరూ మాజీ అనే పిలుస్తారు. రాయికైనా చెమట పడుతుందేమో గాని ఆయన నోట మాట పడదు. అయినా ఆ పడే ఒకటి రెండు మాటల కోసమే పిచ్చుక ఈ కొలువు పట్టుకుని వేలాడుతోంది.

వచ్చినామె భర్త గోడలకు రంగులు వేసే పనివాడు. నడుము దెబ్బకు వాడిన నొప్పి మాత్రలు అతన్ని మత్తుకు అలవాటు చేశాయి. మాత్రలు చాలక సూదుల్లోకి దిగాడు. చికిత్స కేంద్రం వాళ్ళిచ్చిన మందుతో మళ్ళీ మనిషయ్యాడు, పనిలోకి వెళ్ళాడు. కిందటి వారం మూడో అంతస్తు పరంజా మీంచి పడి ప్రాణం వదిలాడు.

“ముందు మత్తులో పడ్డాడన్నారు. రక్తం పరీక్ష చేస్తే ఏ మత్తూ లేదట. ఉండవలసిన మందు కూడా లేదట. ఈ డబ్బాలో మాత్రలు తమవి కావంటున్నారు కేంద్రం వాళ్ళు. డబ్బాకు వేసే తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అసలైనవి అమ్ముకుని నకిలీవి పోశానంటున్నారు. ఇన్‌స్పెక్టరు కొన్ని పరీక్షకు పంపాడు, రేపు వస్తానన్నాడు. నేను జైలుకు పోతే పాపను తీసుకుంటానని మా బావగారు ఇప్పుడే అనేశారు.”

మాజీ డబ్బా తెరిచి ఒక మాత్ర నాలుక కొసకు తగిలించి, వెంటనే ఉమ్మేశాడు.

“చేదు లేదు” అన్నాడు. తరువాత ఆమెను చూశాడు. “అమ్మావా?”

“పాప మీద ఒట్టు...”

“ఒట్లు వద్దు. ఎవరిచ్చేవారు అతనికి?”

“నేనే. పొద్దున్నే ఒకటి తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టేదాన్ని. పని దగ్గర వేసుకునేవాడు.”

“తాళంచెవి ఎప్పుడైనా వదులుతావా?”

“స్నానానికి వెళ్తే ముందుగదిలో మేకుకు తగిలిస్తాను. అంతే.”

మాజీ చెప్పులు వేసుకున్నాడు.

పని జరిగే చోట పరంజా ఇంకా అలాగే ఉంది. అతనితో కలిసి రంగులు వేసిన బక్కోడు ఇనుప గొట్టానికి ఆనుకుని నిలబడ్డాడు. మోచేతుల దాకా తెల్లరంగు.

“పైకెక్కే ముందు ఇక్కడే ఈ డ్రమ్ము మీద కూర్చునేవాడండీ. మాత్ర నాలుక కింద పెడితే మాట్లాడకూడదు. మేమేమో వాడి నోరు తెరిపించాలని వాడి పెళ్ళినాటి ఫోటో గురించి పేలేవాళ్ళం. మూగదేవుడిలా కళ్ళు మూసుకునేవాడు. కరిగిపోయాక లేచి ఒక్కొక్కణ్ణీ తన్నేవాడు.” నవ్వబోయి ముక్కు తుడుచుకున్నాడు.

“ఆఖరు రోజుల్లో?”

“ఒకటే ఆవులింతలు. ముక్కు కారేది. ఎండలో కూడా రోమాలు నిక్కబొడుచుకునేవి. జలుబురా అన్నాడు. మాత్ర కరిగాక మాత్రం మొహం ఎర్రగా అయిపోయేది, తల పగిలిపోతోందని గోడ పట్టుకునేవాడు. మందు మార్చినట్టున్నారు, చేదు పోయింది అని కూడా అన్నాడు. ఇంటికి పోరా అంటే వినడే. ఇల్లంటే పడుకోవాలి, పడుకుంటే పాత ఆలోచనలొస్తాయి అనేవాడు.”

చికిత్స కేంద్రంలో మందులిచ్చే ఆమె గాజు కిటికీ వెనక కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద నలుగురు నోళ్ళు బిగించి, గోడ చూస్తున్నారు.

“మేమిచ్చేది బ్యూప్రెనార్ఫిన్. దాని చేదు కన్నా వేపాకు నయమంటారు వీళ్ళు” అందామె. “తారుమారు నా దగ్గర జరిగితే, అదే రోజు అదే పెట్టెలోంచి తీసుకున్న వీళ్ళందరూ ఇలా నిమ్మళంగా కూర్చోరు.”

“అకస్మాత్తుగా ఆపేస్తే?” అడిగింది పిచ్చుక.

“జలుబులా మొదలవుతుంది. తరువాత ఎముకల్ని కుక్కలు కొరికినట్టుంటుందట. చాలామంది తట్టుకోలేక పాత సూది దగ్గరికే పోతారు.”

“మాత్ర కరగ్గానే మొహం ఎర్రబడి తల పగిలితే?” అన్నాడు మాజీ.

ఆమె కళ్ళజోడు సవరించుకుంది. “అది మందు ఆపినందుకు వచ్చేది కాదు. వేరే మందేదో వేసుకున్నందుకు వచ్చేది.”

బయటికి రాగానే పిచ్చుక ఆగలేకపోయింది. “సార్, అయితే పోసింది సుద్దముక్కలు కాదన్నమాట!”

మాజీ ఆమె వైపు చూసి తల ఊపాడు. పిచ్చుకకు ఆ పూటకు అదే బహుమానం.

చనిపోయినతని ఇంట్లో అతని అన్నగారు ఎదురొచ్చాడు. “దొంగసొత్తు దొంగనే అడగండి. మమ్మల్నెందుకు?” అని మరదలి వైపు చూడకుండానే అన్నాడు. తల్లి మంచం మీద కొడుకు చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“కడసారికి నా బిడ్డ శుభ్రంగా పోయాడు బాబూ. ఒంట్లో ఏ పాడు మందూ లేకుండా. ఆ ఒక్క ముక్కే నన్ను బతికిస్తోంది.” అంటూనే రొమ్ము రుద్దుకుంది.

“అత్తయ్యా, మాత్ర పెట్టుకోండి” అంది కోడలు.

“అయిపోయాయి అమ్మాయీ.”

“మొన్ననే తెచ్చానుగా!” అన్నాడు అన్నగారు. “నాలుక కింద పెట్టుకుంటున్నావా, బఠాణీల్లా నములుతున్నావా?” విసుక్కుంటూనే చెప్పులు తొడుక్కుని మందుల షాపుకు పరుగెత్తాడు.

మాజీ ఆ మంచాన్ని, దాని ఎదురుగా గోడకున్న మేకును చాలాసేపు చూశాడు. మర్నాడు అందరూ ఇక్కడే ఉండాలని చెప్పమని పిచ్చుకతో అన్నాడు. దారిలో ఆయన ముఖం చూసి పిచ్చుక కూడా నోరు మూసుకుంది.

మర్నాడు ముందుగదిలో కోడలు పాపను పట్టుకుని గోడ వారగా కూర్చుంది. తల్లి మంచం మీద, అన్నగారు, బక్కోడు గుమ్మం దగ్గర. ఇన్‌స్పెక్టరు చేతిలో పరీక్ష కాగితం ఉంది.

“గురువుగారూ, నేను చెప్పనా?” అన్నాడతను మాజీతో.

“నేనే చెప్తా” అన్నాడు మాజీ. ఆపైన అంత పొడుగ్గా ఆయన మాట్లాడగా పిచ్చుక వినడం అదే మొదటిసారి.

“అమ్ముకునేవాడు డబ్బాలో సుద్దో పిండో పోస్తాడు. ఇంకో మందు పోయడు. ఇక్కడ పోసింది మందు. నాలుక కింద ఇట్టే కరిగేది, చేదు లేనిది. రక్తనాళాలు వదులు చేసి గుండె నొప్పి తగ్గించేది. గుండె జబ్బు లేనివాడికి తల పగులుతుంది, మొహం ఎర్రబడుతుంది, నిలబడితే కళ్ళు తిరుగుతాయి. అతను అది కరిగించుకుని, వెంటనే పరంజా ఎక్కేవాడు. ఒకరోజు కళ్ళు తిరిగినప్పుడు పట్టుకోవడానికి గోడ అందలేదు.”

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచాడు. “గుండె మాత్రే. నిజం.”

“ఆ మాత్రలు ఈ ఇంట్లో ఒకరివే” అన్నాడు మాజీ. “పెద్దబ్బాయి పోస్తే, అయిపోయాయన్న మాట విని అలా తిట్టి పరుగెత్తడు. కోడలు పోస్తే, మాత్ర పెట్టుకోమని నా ముందే గుర్తు చెయ్యదు. మంచం మీంచి మేకు కనిపిస్తుంది. తన నొప్పి ఓర్చుకుని, తన మాత్రలు కొడుక్కి పోసింది ఎవరో...” ఆయన మంచం వైపు చూశాడు.

“నోరు జాగ్రత్త!” అని అన్నగారు లేచాడు.

“కూర్చోరా” అంది తల్లి.

అందరూ ఆమెను చూశారు. ఆమె మొహంలో దొరికిపోయిన భయం లేదు. అర్థంకాని బెదురు మాత్రం ఉంది.

“నేనే పోశాను. మత్తు మానడానికి మత్తా బాబూ? ఒక దయ్యాన్ని వదిలించి ఇంకోదాన్ని పట్టించారు అనుకున్నా. చెప్తే వింటాడా? నావీ అలాగే కరుగుతాయి, కనిపెట్టలేడు. పైగా గుండెకు మంచిదేగా. వాడివన్నీ తూములో పోశా. రక్తంలో ఏమీ లేదని వీళ్ళు చెప్పినప్పుడు, నా బిడ్డను నేనే విడిపించానని...” ఆగింది. “నా మాత్రకా పడ్డాడు వాడు?”

ఇన్‌స్పెక్టరు కాగితం జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మాయి అమ్ముకుందంటుంటే ఊరుకున్నావా అమ్మా?” అన్నాడు అన్నగారు.

“పోలీసులు తేల్చుకుని వదిలేస్తారులే అనుకున్నా. నేను చేసింది మంచేనని గట్టిగా అనుకున్నానురా.” మాజీ వైపు తిరిగింది. “ఆ రోజుల్లో వాడు మళ్ళీ సూది పట్టాడా బాబూ?”

“లేదమ్మా” అన్నాడు మాజీ. “ఒళ్ళంతా కుక్కలు పీకుతున్నా జలుబే అనుకుని పనికి వెళ్ళాడు. పట్టలేదు.”

“అంటే, నా బిడ్డ నిజంగానే మారాడు.”

ఆ మాట మీద ఆమె ఏడ్చింది. చొక్కాను నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ దగ్గరికి రాలేనంతగా ఏడ్చింది.

చాలాసేపటికి ఇన్‌స్పెక్టరు దగ్గాడు. “అమ్మా, ఒకసారి రావాలి.” కోడలి వైపు చూడలేక నేల చూశాడు. “మీరు రానక్కర్లేదు. పాప మీ దగ్గరే ఉంటుంది.”

అన్నగారు మరదలి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని చూడలేదు.

ముసలామె గుమ్మం దాకా వచ్చి చెప్పుల కోసం కాలితో తడిమింది. కన్నీళ్ళకు ఏమీ కనిపించడం లేదు. ఒక చెప్పు బోర్లా పడి ఉంది. కాలు దూరడం లేదు.

కోడలు పాపను భుజానికెత్తుకుని వచ్చింది. వంగి, ఆ చెప్పును తిప్పి అత్త కాలి ముందు పెట్టింది. తలెత్తి ఆమె మొహం చూడలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.