ఏడో చీర

చీర కొంగును ఒక్కసారి తడిమి చూసింది నాగలక్ష్మమ్మ. అంతే! ఆమె ముఖంలో కళ తప్పడం, మరుక్షణమే ఎక్కడినుంచో ఒక నవ్వు తెచ్చి పెట్టుకోవడం, ఆ చీరను భక్తిగా కళ్ళకద్దుకోవడం... అన్నీ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది ఆమె కూతురు హేమావతి. ఎదురుగా వీడియో తీసేవాడు. చుట్టూ వంద మంది బంధువులు. వస్తున్న ఏడుపును హేమావతి అక్కడికక్కడే ఆపుకుంది.

ఆలూరులో హేమావతి అత్తగారు బసమ్మ కొత్తగా కట్టించిన మేడకు ఆరోజే గృహప్రవేశం. వ్రతం ముగిసింది. వియ్యాలవారికి బట్టలు పెట్టే వేడుక మొదలైంది. ముందుగా పెద్దకోడలు సుప్రజ తల్లిదండ్రులను పిలిచారు. ఆదోనిలో పత్తి వ్యాపారం వాళ్ళది. వాళ్ళకు కుర్చీలు వేశారు, పన్నీరు చల్లారు, పట్టుచీర, జరీ పంచెలు, వెండి కుంకుమ భరిణె వెండి పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ఆ తర్వాత ఎవరో గుర్తుచేస్తే, "ఆఁ, చిన్నకోడలి వాళ్ళు కూడా రాండి" అన్నారు. కోడుమూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిన మద్దయ్య, నాగలక్ష్మమ్మ దంపతులు వచ్చి చూస్తే కుర్చీలు లేవు! అప్పటికే తీసేశారు. చాప మీద కూర్చుంటే ప్లాస్టిక్ కవరులో ఒక చీర, ఒక షర్టు గుడ్డ చేతిలో పెట్టారు. అయిపోయింది మర్యాద!

చీర తక్కువదే అయితే హేమావతి అంతగా కుమిలిపోయేది కాదు. తక్కువ చీరలు అమ్మకు కొత్తా ఏమిటి? కానీ అది మిషను చీర! కోడుమూరు నేతగాళ్ళ రుద్రాక్ష అంచును ఎత్తుకుపోయి మిషను మీద దించిన నకలు! నలభై ఏళ్ళుగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని అదే అంచును చేత్తో నేస్తున్న మనిషికి, ఆమె నోటి దగ్గరి కూడు లాక్కుంటున్న ఆ నకలునే తెచ్చి మర్యాదగా ఒడిలో పెట్టారు! ఇంకెవరైనా పెట్టి ఉంటే పాపం తెలియక పెట్టారనుకోవచ్చు. బసమ్మకు తెలియకపోవడమేమిటి? ఆమె కూడా ఎమ్మిగనూరులో నేతింట్లో పుట్టిన ఆడపిల్లే కదా! పెళ్ళయ్యేదాకా మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేతులే కదా అవి! బట్టల అంగడి పెట్టి, అది మూడు అంగళ్ళై, మేడ లేచేసరికి ఆ వేళ్ళకు చేతి నేతకూ మిషను నేతకూ తేడా తెలియకుండా పోయిందా?

పోనీ, నాగలక్ష్మమ్మ ఉత్త చేతులతో వచ్చిందా? కంటి ఆపరేషను జరిగి రెండు నెలలు కాకముందే, వద్దంటే వినకుండా ఇరవై రోజులు మగ్గం మీద కూర్చుని వియ్యపురాలి కోసం చీర నేసి తెచ్చింది. ఆ పొట్లాన్ని బసమ్మ కాగితమైనా విప్పలేదు. బియ్యం మూటల మీదికి విసిరేసి వేరే పనిలో పడిపోయింది.

హేమావతి ఇక ఆగలేకపోయింది. వంటింట్లోకి వచ్చిన అత్తగారికి ఎదురుగా నిలబడింది.

"అత్తా, మా అమ్మకు మిషను చీర ఎందుకు పెట్టినావు?"

బసమ్మ చేతిలోని గరిటె ఆగింది. "ఏందే నీ గోల? చీర చీరే. ఈడ వడ్డనకు ఆలస్యమైతాంటే నువ్వు పోగులు లెక్కబెడతాండావా?"

"సుప్రజక్క వాళ్ళమ్మకు పట్టుచీర పెట్టినావు. నాకు కడుపుమంట లేదు. మా అమ్మకు మగ్గం నూలు చీర పెట్టినా సంతోషపడుండేది. మగ్గం నేసే మనిషికి మిషను చీరా అత్తా?"

"సుప్రజ వాళ్ళు ఫ్రిజ్జు తెచ్చినారు, వెండి దీపాలు తెచ్చినారు. మీ అమ్మ ఏం తెచ్చింది? ఎవురికి తగినట్టు వాళ్ళకు పెడతారు. లోకమంతా ఇంతే!"

"మా అమ్మ ఏం తెచ్చిందో విప్పి సూసినావా? ఆపరేషనైన కండ్లతో నేసుకొచ్చింది... ఒక్కసారి విప్పి సూసినావా అత్తా?"

పక్కనే ఉన్న సుప్రజ గొలుసు సర్దుకుంటూ తల వంచుకుంది. ఆమెదేం తప్పు, పాపం! హేమావతి భర్త ఉమామహేశ్వర గబగబా లోపలికి వచ్చాడు. "గమ్మునుండు హేమా! అందరూ వింటాండారు. ఇంటికి పేరొచ్చే పూట ఈ ఏడుపేంది?" అన్నాడు. అమ్మకూ భార్యకూ మధ్య నిలబడాల్సి వచ్చినప్పుడల్లా అతను నిలబడేది అమ్మ పక్కనే. తొమ్మిదేళ్ళుగా అంతే.

ఇంతలో నాగలక్ష్మమ్మే వచ్చి కూతురి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"నాకేం తక్కువైందని మే నువ్వు కొట్లాడేది? ఒంటినిండా కట్టుకునే చీరే గదా..."

"అమ్మా, కొంగు పట్టుకోంగానే నీ ముఖం ఎట్లయిందో నేను సూసినాను. నాకు చెప్పొద్దు."

"అయితే అయింది లే! నువ్వీ ఇంట్లో బతకాల. నా కోసరం నీ కాపురం చెడగొట్టుకుంటావా తల్లీ? నీకు దండం పెడతా..." నాగలక్ష్మమ్మ నిజంగానే రెండు చేతులూ జోడించింది. కన్నతల్లి తనకు దండం పెట్టాల్సిన గతి! ఆ జోడించిన చేతులను చూశాక హేమావతిలో ఏడుపు పూర్తిగా ఇంకిపోయింది. ఆ చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

*

వైశాఖంలో హేమావతి తమ్ముడి పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి ఇంకా నెలన్నర ఉంది. ఈసారి పెట్టాల్సిన వంతు కోడుమూరు వాళ్ళది. పిలుపుకు వచ్చిన నాగలక్ష్మమ్మతో బసమ్మ పైకి ఏమీ అనలేదు. సాయంత్రం అంగడి నుంచి వచ్చిన కొడుకుతో మాత్రం కోడలికి కబురు చెప్పి పంపింది.

ఉమామహేశ్వర మంచం అంచున కూర్చుని నీళ్ళు నమిలాడు. "అమ్మకు పట్టుచీర పెట్టాలంట. వదినకూ, వాళ్ళమ్మకూ గూడా పట్టే. లేకుంటే మనకు తలకొట్టేసినట్టుంటాదంట."

"మనకా?" అంది హేమావతి. "మా అమ్మ చాప మీద కూచున్నప్పుడు మీకు తలకొట్టేసినట్టు కాలేదా?"

"పాతవన్నీ తవ్వొద్దు హేమా. అమ్మ సంగతి నీకు తెలుసు. పెండ్లిలో ఆమెకు తక్కువైతే నిన్ను మళ్ళీ గడప తొక్కనీదు. అప్పుడు నన్నేం చేయమంటావు?"

ఎంత సులభంగా అనేశాడు! తొమ్మిదేళ్ళ కాపురం, ఎనిమిదేళ్ళ కూతురు, ఈ ఇంట్లో ఆమె వంచిన నడుము... అన్నీ ఒక పట్టుచీర అంచుకు ముడివేసి ఆమె చేతిలో పెట్టాడు! హేమావతి అతని ముఖంలోకి సూటిగా చూసింది. "ఏమీ చేయొద్దు మీరు. ఎప్పుడూ చేసేదే గదా అది" అంది. మర్నాడే ఎండాకాలం సెలవులిచ్చిన కూతురిని వెంటబెట్టుకుని కోడుమూరు బస్సెక్కింది.

ఇంటికి వెళ్ళేసరికి నాగలక్ష్మమ్మ దిగాలుగా కూర్చుని ఉంది. "మీ అత్తకు పట్టుచీర ఎట్లన్నా చేసి తేవాల మే... లేకుంటే నిన్ను ఆడిపోసుకుంటారు" అంటూ మొదలుపెట్టింది.

"అమ్మా, ఈ పెండ్లికి పెట్టే చీరలన్నీ నేనే నేస్తా" అంది హేమావతి. "ఒకే పడుగు. ఒకే రంగు. ఏడు చీరలు."

"నీకేమన్నా తిక్క పట్టిందా? మగ్గం ముట్టి తొమ్మిదేండ్లయింది!"

నిజమే. పెళ్ళయిన మొదటి వారమే బసమ్మ చెప్పేసింది, బట్టల అంగడి వాళ్ళ కోడలు మగ్గం మాట ఎత్తకూడదని. ఇప్పుడు ఆ కోడలే చీర ఎగ్గట్టి మగ్గం గుంతలోకి దిగింది. మొదటి రోజు నేసిన జానెడు గుడ్డ వంకరపోయింది. విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. నడుము పట్టేసింది, పాదాలు వాచాయి. కండెలు చుట్టిపెట్టే విశ్వాసమ్మ చూసి పకపకా నవ్వింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటికి కండెలు చుడుతున్న మనిషి ఆమె. "అంగడి కోడలు గుంతలో దిగిందని ఊరంతా చెప్పొస్తా ఉండు!" అంటూనే పొద్దున్నే తానే ముందొచ్చి కూర్చునేది. పోగు తెగినప్పుడు మద్దయ్య వచ్చి ముడి ఎలా వేయాలో చూపించి, కూతురి తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయేవాడు. వారం గడిచేసరికి ఆమె కాళ్ళకు లయ దొరికింది. నేరేడు పండు రంగు ఒంటి మీదికి పసుపచ్చ రుద్రాక్ష అంచు ఒక్కో గింజే వచ్చి చేరుతుంటే హేమావతికి ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళు మరిచిపోయింది తను! ఈ చేతులకు ఇది వచ్చునని ఎన్నాళ్ళు ఎవరూ అనలేదు!

నాగలక్ష్మమ్మకు మాత్రం రోజులు దగ్గరపడే కొద్దీ గుబులు పెరిగింది.

"మీ అత్తకొకటి, సుప్రజకొకటి, వాళ్ళమ్మకొకటి, పెండ్లికూతురి అమ్మకొకటి, మీ మేనత్తకొకటి... ఆరోది?"

"విశ్వాసమ్మకు."

"అయ్యో నా తల్లే! మీ అత్తకూ, కండెలు చుట్టే విశ్వాసమ్మకూ ఒకే చీరా? కొంపలంటుకుంటాయి మే!"

"అంటుకోనీ."

"ఏడోది ఎవురికి?"

"అది ఆ పొద్దే చెప్తాలే" అంది హేమావతి, మగ్గం మీంచి కళ్ళెత్తకుండానే.

*

పెళ్ళి ముగిసింది. తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉండగానే బట్టలు పెట్టే వేళయింది. హేమావతి పెళ్ళి హాల్లో ఒకటే పెద్ద జంపఖానా పరిపించింది. కుర్చీలన్నీ గోడకు చేర్పించింది. ఆరుగురు ఆడవాళ్ళనూ ఒకే వరసలో కూర్చోబెట్టింది. బసమ్మ నొసలు అప్పుడే ముడిపడింది. మద్దయ్య, నాగలక్ష్మమ్మ ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, పసుపు రాసి, చీర ఒడిలో పెడుతూ వచ్చారు. మొదట పెళ్ళికూతురి తల్లికి, తర్వాత బసమ్మకు. ఆ తర్వాత సుప్రజకు, ఆమె తల్లికి, మేనత్తకు. నేరేడు రంగు, పసుపచ్చ అంచు. ఆఖరున ముడుచుకుపోయి కూర్చున్న విశ్వాసమ్మ ఒడిలోనూ అదే రంగు, అదే అంచు!

బసమ్మ తన ఒడిలోకి చూసుకుంది. వరస చివరిదాకా చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏమ్మే హేమా! నాకూ, కండెలు చుట్టేదానికీ ఒకటే చీరా? పదిమందిలో నన్ను ఈడ కూచోబెట్టి అవమానం చేస్తాండావా?"

విశ్వాసమ్మ బెదిరిపోయి తన చీర తిరిగి ఇచ్చేయబోయింది. హేమావతి ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపింది.

"అవునత్తా, ఒకటే! ఆమె చుట్టిన కండెలతోనే నీ చీర నేసినా. పట్టుచీర కొనలేక గాదు ఇది పెట్టింది. ఆరుమందిలో ఎవురూ ఎక్కువ గాదు, ఎవురూ తక్కువ గాదని పెట్టినా. ఇది అవమానమా? అయితే చాప మీద కూచోబెట్టి మిషను చీర ఒళ్ళో పడేస్తే మా అమ్మకేమయిందో ఇప్పుడు చెప్పు!"

"హేమా!" అంటూ ఉమామహేశ్వర ముందుకు వచ్చాడు.

"మీరుండండి!" ఆ గొంతుకు అతను అక్కడే ఆగిపోయాడు. "నన్ను గడప తొక్కనీరన్నారు గదా? తొక్కను. నాకు ఈడ మగ్గముండాది, చేతులుండాయి. నా బిడ్డను నేను సాక్కుంటా. మా అమ్మను తక్కువ చేసే ఇంట్లో మాత్రం ఇంక తల వంచుకొని ఒక్కపూట గూడా ఉండను. ఉంటే తల ఎత్తుకొనే ఉంటా!"

"వద్దు తల్లీ, వద్దు..." అంటూ నాగలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బసమ్మ విసురుగా లేచి నిలబడింది, ఒడిలోని చీర చేతిలో పట్టుకుని. పెద్దకోడలు కూడా తనతో లేస్తుందనుకుంది కాబోలు, పక్కకు తిరిగి చూసింది. సుప్రజ కదలలేదు. చీర మడత విప్పి భుజాల మీదుగా కప్పుకుంది. "శానా బాగుండాది హేమా" అంది మెల్లగా. "కూచో అత్తా. ఆ పొద్దు మనం చేసింది తప్పే."

బసమ్మ అలాగే నిలబడిపోయింది. అప్పుడు హేమావతి లోపలికి వెళ్ళి ఏడో చీర తెచ్చింది. దాన్ని అత్తగారి చేతుల్లో పెట్టింది.

"ఇది గూడా ఆ పడుగుదే అత్తా. నీది గాదు. మా అమ్మది. ఆ గృహప్రవేశం పొద్దు నువ్వు పెట్టాల్సిన చీర ఇది. నేను నేసి తెచ్చినా. నీ చేత్తో పెట్టు."

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూడా లేచి వచ్చి నిలబడ్డారు. బసమ్మ ఆ చీర వైపు చూసింది. విసిరేస్తుందేమోనని మద్దయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమె విసరలేదు. మెల్లగా ఒక మడత విప్పింది. వేళ్ళు గుడ్డ మీద వాటంతటవే నడిచాయి. ఒకచోట ఆగాయి.

"ఈడ పోగు తెగింది" అంది, ఎవరితోనో అన్నట్టు.

"తెగింది. ముడేసినా."

"కంటికి కనపడకుండా ఏసినావు..." అంది బసమ్మ. ఆ వేళ్ళు ఇంకా ఆ ముడి మీదే ఉన్నాయి. "మా అమ్మ ఇట్లనే ఏసేది" అంది. కన్నీళ్ళు రాలేదు ఆమెకు, క్షమించమనే మాటా రాలేదు. అలాంటి మాటలు ఆమె నోట ఏనాడూ రాలేదు. తర్వాత గోడకు చేర్చిన కుర్చీల్లోంచి ఒకదాన్ని తానే జరిపి తెచ్చి వియ్యపురాలి ముందు వేసింది.

"కూచో వదినా" అంది. "కుంకుమ యాడ?"

కుంకుమ పళ్ళెం తెచ్చి ఇచ్చింది ఉమామహేశ్వరే. భార్య వైపు చూడడానికి అతనికి మొహం చెల్లలేదు. కుర్చీ అంచున భయంభయంగా కూర్చున్న నాగలక్ష్మమ్మ నుదుటి మీద బసమ్మ బొట్టు పెట్టింది. చీర పట్టుకుని వంగింది. నాగలక్ష్మమ్మ ఒడి పట్టలేదు. తీసుకోవచ్చా అన్నట్టు చిన్నపిల్లలా కూతురి వైపు చూసింది.

"పట్టమ్మా" అంది హేమావతి, తల ఎత్తి. "అది నీదే."