సేనాని అయిన మరునాడు

ఆషాఢ మేఘాలు మొగలికోన దుర్గం మీద ఒరిగి, బురుజుల తలలు తడిపి, కొండ కింద లోయ నిండా పరుచుకున్న శత్రువుల పాళెం మీదుగా ఉత్తరానికి సాగిపోతున్నాయి. నిరుటి వరకు వరిమడులు పచ్చగా ఊగిన ఆ లోయలో ఇప్పుడు కుందవరపు రాజు గుడారాలు, ఏనుగుల కట్టుకొయ్యలు, వేల పొయ్యిల పొగ. తూర్పు వాకిలి ఎదుట, అగడ్తకు ఆవల, కోటగోడకు దీటుగా కొయ్య మంచెలు లేస్తున్నాయి. అవి గోడ ఎత్తుకు వచ్చిన నాడు శత్రువు నేరుగా గోడ మీదికే నడిచి వస్తాడని దుర్గంలోని ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ కూడా తెలుసు.

అటువంటి గడ్డురోజుల్లో వృద్ధ సేనాధిపతి మారసేనాని బాణపు గాయం విషమించి కన్నుమూశాడు. భర్త మరణానంతరం పసివాడైన కుమారుడి పేర రాజ్యమేలుతున్న రాణి కొమ్మాంబిక నిండు కొలువులో ఆ వృద్ధుడి ఖడ్గాన్ని తూర్పు వాకిలి దళనాయకుడైన అయితమ చేతిలో పెట్టింది.

"అయితమ నాయకా! నిన్నటి వరకు నీ ప్రాణానికి నీవే దొరవు. దానిని ఎక్కడ ఒడ్డినా నిన్ను అడిగేవారు లేరు. ఇకమీదట అది నీది కాదు. ఈ కోటలోని ప్రాణాలన్నీ నీ ఆజ్ఞ మీద నిలుస్తాయి, నీ ఆజ్ఞ మీదనే పోతాయి. ఆ బరువు మోయగలవా?"

"మోస్తాను, మహారాణీ!" అన్నాడు అయితమ. ఆ మాట అతడి నోట తేలికగానే వచ్చింది. ముట్టడిలో అందరికన్నా ముందు దూకడం తప్ప యుద్ధమంటే మరొకటి ఎరుగని మనిషి అతడు.

ఆ సాయంకాలం కత్తివీధి అంతా పండుగ చేసుకుంది. తూర్పు వాకిలి దళం వాళ్ళు తరతరాలుగా కాపురముంటున్న వీధి అది. అయితమ అక్కడే పుట్టాడు. అతడి స్థానంలో దళనాయకుడైన బొల్లన కూడా అక్కడే, ఇంటిగోడకు అవతలి ఇంట్లో పుట్టాడు. ఒకే గురువు దగ్గర సాము నేర్చి, ఒకే కంచంలో తిన్న ఆ బొల్లన ఎదురొచ్చి చేతులు జోడించి, "జయము దేవరా!" అనేసరికి అయితమ నొచ్చుకున్నాడు.

"ఒరే, నువ్వు కూడానా?"

"దళమంతా చూస్తోంది, దేవరా. వాళ్ళ ముందు నేను నిన్ను అయితా అని పిలిస్తే రేపు నీ ఆజ్ఞను ఎవడు లెక్కచేస్తాడు?" అని బొల్లన నవ్వాడు. పక్కనే నిలబడ్డ అతడి భార్య కొండమ కూడా నవ్వింది. అయితమకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పొద్దుగూకే వేళకే అంతఃపురంలో ఆలోచన జరిగింది. రాణి, మహామంత్రి గుండనామాత్యుడు, కొత్త సేనాధిపతి, ముగ్గురే ఉన్నారు. గుండనామాత్యుడు దివంగతుడైన రాజుకు బాల్యమిత్రుడు. తెల్లని గడ్డం, మెల్లని మాట. రాజ్యంలో ఆయన మాటకు ఎదురు లేదు.

"మహారాణీ, మంచెలు గోడను అందుకోక ముందే వాటిని తగలబెట్టాలి. తెల్లవారుజామున అక్కడ కావలి పలచగా ఉంటుందని నా వేగులు చెబుతున్నారు. రేపే ఒక దళం తూర్పు వాకిలి దాటి పోవాలి," అన్నాడు మంత్రి.

"ఆ దళాన్ని నేనే నడుపుతాను," అని అయితమ లేచాడు.

"కూర్చో నాయకా!" అన్నది రాణి. "సేనాధిపతి కోట దాటరాదు. నీవు పోతే ఆ ఖడ్గాన్ని ఇవ్వడానికి నాకు మరొక చేయి లేదు. నీవు ఆజ్ఞ ఇవ్వు. పోయేవారు పోతారు."

జీవితంలో మొదటిసారిగా అయితమ మరొకరిని పంపి తాను ఆగిపోయాడు. వార్త బయటికి పొక్కకుండా, తెల్లవారుజామున గుర్రాలకు జీను వేసేటప్పుడు మాత్రమే దళానికి సంగతి చెప్పాడు. బొల్లన అలవాటు కొద్దీ, "పద మరి," అని అతడి కోసం ఆగాడు.

"నేను రావడం లేదు బొల్లా. రాకూడదట."

బొల్లన ఒక్క క్షణం అతడి ముఖంలోకి చూశాడు. "మంచిదే, దేవరా. పైనుంచి చూస్తూ ఉండు," అని గుర్రమెక్కాడు.

అయితమ బురుజు మీద నుంచి చూశాడు. దళం మంచెలను చేరింది, కాగడాలు లేచాయి. తడిసిన కొయ్యకు మంట అంటుకోకముందే ఆ మంచెల వెనుక నుంచి, కందకాల్లో నుంచి, గడ్డివాముల చాటు నుంచి కుందవరపు రౌతులు పుట్టలోంచి చీమల్లా పొంగి వచ్చారు. పలచని కావలి కాదది. ఎదురుచూస్తున్న సైన్యం. బొల్లన దళం వెనుదిరిగింది. శత్రురౌతులు వారిని తరుముకుంటూ, వారితో కలిసిపోయి, ఎవరు మనవారో ఎవరు పరాయివారో తెలియనంతగా ఒకే గుంపై వాకిలి వైపు దూసుకొచ్చారు.

వాకిలి కావలివాడు తలెత్తి అరిచాడు. "దేవరా! తలుపు?"

నిన్నటి అయితమ అయితే బురుజు మెట్లు దిగి, కత్తి దూసి, ఆ తలుపు గుండానే బయటికి దూకేవాడు. ఇప్పుడు అతడి వీపు వెనుక దుర్గమంతా ఉంది. తలుపు తెరిచి ఉంటే బొల్లనతో పాటు కుందవరం లోపలికి వస్తుంది.

"మూసేయండి," అన్నాడు.

తలుపులు మూసుకున్నాయి. ముందుగా చేరినవాళ్ళు పిడికిళ్ళతో, కత్తిపిడులతో తలుపును బాదారు. ఎవడో "అన్నా, మేమే!" అని ఏడ్చాడు. బొల్లన గుర్రం దిగి తలెత్తి బురుజు వైపు చూశాడు.

"అయితా!" అని ఒక్క కేక వేశాడు.

అయితమ కదలలేదు. పలకలేదు. బొల్లనకు అర్థమైంది. తన వీపును ఆ తలుపుకే ఆనించి, "ఇటు తిరగండిరా!" అని దళాన్ని కేకేశాడు. లోపల తలుపుకు అడ్డమానులు గట్టిగా బిగిసేదాకా వారు ఆ గడప దగ్గర శత్రువును ఆపారు. ఆ తరువాత బాదే చప్పుడు ఆగిపోయింది.

ఆ చప్పుడు అయితమకు మాత్రం ఆగలేదు. చినుకు చూరు మీద పడినా, గుర్రం డెక్క రాతి మీద ఆనినా, ఎవరో గది తలుపు మెల్లగా తట్టినా అతడు ఉలిక్కిపడి లేచేవాడు. పిడికిళ్ళ శబ్దమంతటి మధ్య ఒకే గొంతు అతణ్ణి పాతపేరుతో పిలిచేది. తిండి ముందు కూర్చుంటే, కంచానికి అవతలి పక్కన ఎవరో కూర్చున్నట్టే ఉండేది. అతడు తలెత్తి చూసేవాడు కాదు. చూస్తే అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. అదే అతడికి భయం.

కోటలో గుసగుసలు పుట్టాయి. తనవాళ్ళను చంపుకున్న సేనాని అన్నారు. భటులు అతడు ఎదురైతే చూపు తిప్పుకున్నారు. అప్పుడు గుండనామాత్యుడు పరామర్శకు వచ్చాడు.

"నాయకా, నీ పరిస్థితి నాకు బాధగా ఉంది. దీనికి ఒక ఉపాయముంది. శత్రువు కాచుకుని ఉన్నాడంటే వార్త ముందే అందింది. బొల్లనే శత్రువుతో కుమ్మక్కై వారిని వాకిలిదాకా తెచ్చాడని చాటింపు వేయిద్దాం. ద్రోహి మీద తలుపు మూసినవాడిని ఎవరు నిందిస్తారు? ద్రోహుల వీధి అని కత్తివీధిని ఖాళీ చేయించాల్సి వస్తుంది, అంతే. చనిపోయినవారికి ఇక నొప్పి తెలియదు కదా!"

ఆ మాట అయితమకు చల్లని నీడలా తోచింది. అబద్ధమాడితే చాలు, నిద్ర పడుతుంది. అంతలోనే అతడి మనసు ఒక్కచోట ఆగింది. బొల్లనకు సంగతి తెలిసింది జీను వేసేటప్పుడు. అప్పటికి వాకిళ్ళన్నీ మూసే ఉన్నాయి. ముందే తెలిసినవారు ముగ్గురు: రాణి, తాను, తన ఎదుట గడ్డం సవరించుకుంటున్న ఈ పెద్దమనిషి.

"ఆలోచిస్తాను, ఆర్యా!" అని మాత్రం అని, నేరుగా రాణి దగ్గరికి వెళ్ళాడు.

రాణి అంతా విన్నది. "నా కుమారుడికి అక్షరాభ్యాసం చేసిన చేయి అది నాయకా," అన్నది. "నీ మాటే నిజమైతే నా కంటికి చూపించు. కాకపోతే నీ తల తీయిస్తాను."

"అలాగే కానీయండి, మహారాణీ!"

మరునాడు ఉదయం, అయితమ చెప్పిన ఉపాయం ప్రకారం, రాణి మంత్రిని ఒంటరిగా పిలిచి, మధ్యాహ్నానికి పడమటి గోడలోని చిన్న దిడ్డి వాకిలి గుండా రాకుమారుణ్ణి దాటిస్తున్నామని చెప్పింది. ఆ మాట మరే చెవినా పడలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే, బురుజు మీద రాణి చూస్తుండగానే, తూర్పు మంచెల దగ్గరి రౌతులు గుంపులు గుంపులుగా కదిలి పడమటికి పోసాగారు. రాణి కొమ్మాంబిక గోడను పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఆయనను బంధించండి," అన్నది, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. మంత్రి తోటలో దొరికిన విలుకాడు, రంగు ఈకల బాణాలతో కోట వార్తలు అవతలికి పంపేవాడినని ఒప్పుకున్నాడు. దుర్గం పడితే ఇక్కడ సామంతుడు కావాలన్నది మంత్రి ఆశ.

తూర్పు వైపు మంచెలు ఇప్పుడు నిజంగానే దిక్కులేకుండా ఉన్నాయి. మబ్బు విడి ఎండ కాసింది; కొయ్య ఆరింది. ఇంతకు మించిన అదను మళ్ళీ రాదు. మరొక దళాన్ని పంపాలి. మళ్ళీ అదే వాకిలి.

అయితమ ఆజ్ఞ ఇవ్వడానికి నోరు తెరిచేసరికి పిడికిళ్ళ చప్పుడు చెవుల్లో హోరెత్తింది. అయినా మెట్లు దిగి, భటుల ఎదుట నిలబడ్డాడు.

"బొల్లన ద్రోహి కాడు. అతణ్ణీ అతడి దళాన్నీ మోసగించినవాడు దొరికాడు. తలుపు మూయించింది మాత్రం నేనే. ఇప్పుడు మరొక దళం బయటికి పోవాలి. నేను రాలేను. వచ్చేదెవరు?"

ఎవరూ కదలలేదు. చివరికి నెరిసిన మీసాల వెన్నయ ముందుకొచ్చాడు. అతడు కొండమకు తండ్రి, బొల్లనకు పిల్లనిచ్చిన మామ.

"ఒక్క మాట అడుగుతాను, దేవరా. మమ్మల్ని శత్రువు తరుముకొస్తే, ఈసారి తలుపు తీయిస్తావా?"

తీయిస్తానంటే చాలు, అందరూ కదులుతారు. అయితమ ఆ ముసలివాడి కళ్ళలోకి చూశాడు.

"తీయించను, మామా."

వెన్నయ తల పంకించాడు. "ఏం జరుగుతుందో తెలిసి పోవడం మంచిదే. నా అల్లుడికి ఆ మాటైనా దక్కలేదు," అని గుర్రం వైపు నడిచాడు. ఒకరి వెనుక ఒకరు మిగిలినవారు కదిలారు.

అయితమ మళ్ళీ బురుజెక్కి చూశాడు. మంచెలు అంటుకున్నాయి. మంట ఆకాశానికి లేచింది. వెళ్ళినవారిలో చాలామంది తిరిగివచ్చారు, వెన్నయ రాలేదు. ముట్టడికి ఆధారం పోయి, లోపలి వార్త చెప్పేవాడూ లేక, వానలు ముదరకముందే కుందవరపు దండు పాళెం ఎత్తుకుని పోయింది. కొలువులో రాణి అయితమకు వీరకంకణం తొడిగింది. అతడు దాన్ని తొడుక్కునే కత్తివీధికి నడిచి వెళ్ళాడు.

కొండమ గడపలో కూర్చుని ఉంది. భర్తా తండ్రీ ఇద్దరూ పోయిన ఇల్లు. అతణ్ణి చూసి లేవలేదు.

"మా ఆయన నిన్ను పిలిచాడా?" అని అడిగింది.

"పిలిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు. నేను పలకలేదు, కొండమా."

ఆమె ఏడుస్తుందని అతడనుకున్నాడు. తిడుతుందని ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"క్షమించమని అడగడానికి వచ్చావా?"

"లేదు. నీకు అబద్ధం చెప్పకూడదని వచ్చాను."

"అయితే విను. నేను నిన్ను క్షమించను. నాకు చేతకాదు. కానీ ఈ వీధిలో నువ్వు తలవంచుకుని నడుస్తున్నావు. ఇందాక వచ్చేటప్పుడు చూశాను. సేనాధిపతి తలవంచుకుంటే ఆ రోజు ఏదో తప్పు జరిగిందని ఊరనుకుంటుంది. మావాళ్ళు తప్పుకు బలైపోయారనుకుంటుంది. నా పిల్లలు ఆ మాట వింటూ పెరగాలా? నీ ఏడుపు నీ ఇంట్లో ఏడువు. ఇక్కడ తలెత్తుకుని నడువు."

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. అయితమ ఆ గడప ముందు నుంచి వీధి వైపు తిరిగాడు. ఇరువైపులా అరుగుల మీద విధవలు, ముసలి తల్లులు, తండ్రి లేని పిల్లలు అతణ్ణే చూస్తున్నారు. అతడు మెడ నిలిపి, ఒక్కొక్క ఇంటి ముందూ ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ, కత్తివీధి చివరిదాకా నడిచాడు. మరునాడూ నడిచాడు. సేనాధిపతిగా బ్రతికినంత కాలం అతడికి మరే యుద్ధమూ అంత కష్టమనిపించలేదు.