కుర్చీ వేసిన చోటు

నాన్న కుర్చీని ఎవరో ఎత్తుకుపోయారు.

పోతే పోయారు, అది ఉండాల్సిన చోట ఎర్ర కారు ఒకటి పెట్టి మరీ పోయారు. పగలంతా స్కూలు బస్సు నడిపి, నాకు తెలిసినవీ తెలియనివీ అన్ని భాషల్లో పిల్లల అరుపులు విని, తల దిమ్మెక్కి ఇంటికొచ్చాను. పొద్దున మోకాళ్ల దాకా పడిన మంచును పారతో ఎత్తిపోసి, నడుము విరగ్గొట్టుకుని నేను తీసుకున్న చోటు అది. చికాగోలో మా ఆల్బనీ పార్క్ వైపు, మంచు ఎవరు తీస్తే చోటు వాళ్లది. ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు తెచ్చి అక్కడ పెట్టి వెళ్లామంటే, మంచు కరిగేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆ వస్తువుని చూసి ఎవరి చోటో చెప్పేయొచ్చు. కొరియా వాళ్ల లాండ్రీ ముందు ప్లాస్టిక్ బకెట్లు. గ్వాటెమాలా వాళ్లది చక్రం ఊడిన పిల్లల బండి. బోస్నియా లారీ డ్రైవరుది ఇస్త్రీ బల్ల. మా కింది అంతస్తులో ఉండే పోలెండు ముసలావిడ హలీనా గారైతే ఏకంగా మరియమ్మ విగ్రహాన్నే దింపేస్తుంది. దాన్ని కదపడానికి ఏ మతం వాళ్లకీ ధైర్యం చాలదు.

మాది నాన్న కుర్చీ. మేము ఇరాక్ నుంచి వచ్చిన అసిరియన్ క్రైస్తవులం. ఇక్కడికొచ్చిన కొత్తలో నాన్న కొన్న వంటింటి కుర్చీల్లో ఒకటది, పచ్చ రెక్సిన్ సీటుది. అన్నం తిన్నాక వెనక్కి వాలడం ఆయనకి అలవాటు. వాలి వాలి దాని కాళ్లు వదులు చేశాడు. ఆయన పోయాక దాన్ని బయటికి పంపింది అమ్మే.

"ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుంటే నాకు ముద్ద దిగడం లేదురా," అంది. "తీసుకెళ్లి రోడ్డు మీద పెట్టు. నీ చోటన్నా కాస్తుంది."

ఇప్పుడు ఆ కుర్చీ లేదు. నేను కారు రోడ్డు మధ్యలోనే ఆపేసి దిగాను. హలీనా గారి కిటికీ పైకి జరిగింది. వీధిలో ఏం జరిగిందో తెలియకపోతే ఆవిడకి ఆ పూట తిన్నది అరగదు.

"చూశారా ఎవరో?" అన్నాను.

"చూడకపోవడమేం. పొట్టి పిల్ల. ఎదుటి బిల్డింగ్, మూడో అంతస్తు. కారు ఆపింది, కుర్చీ చుట్టూ ఓసారి తిరిగింది, మంచు దులిపింది, నెత్తిన పెట్టుకుని పోయింది."

"మీరు ఆపలేదా?"

"ఆపితే ఇంక సరదా ఏముంది? వెళ్లి పోట్లాడు రంసిన్. నీ కారు నేను చూస్తుంటాలే."

మూడంతస్తులు ఎక్కేసరికి నా కోపంలో సగం ఆయాసం కింద పోయింది. మిగిలిన సగంతో తలుపు బాదాను. తీసిన అమ్మాయి చేతిలో సూప్ గిన్నె ఉంది. ఒంటి మీద ఆయాలు వేసుకునే నీలం బట్టలు, చెంప మీద దిండు ముడతలు. ఆమె వెనక గదిలో ఒక పరుపు, ఒక దీపం, మా నాన్న కుర్చీ తప్ప ఇంకేమీ లేవు.

"అది నా కుర్చీ," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి కుర్చీని చూసి, మళ్లీ నన్ను చూసింది. "రోడ్డు మీద ఉంది."

"నేనే పెట్టాను."

"పారేశారు కదా."

"పారేయలేదు. చోటు కోసం పెట్టాను."

"కుర్చీకి చోటా?"

"కారుకి."

"మా ఈక్వడార్‌లో కుర్చీలు మనుషులు కూర్చోవడానికి చేస్తారు," అంది. "ఇక్కడ ఇల్లు ఖాళీ చేసేవాళ్లు మంచి సామాన్లు రోడ్డు మీద వదిలేసి పోతారని మా పిన్ని చెప్పింది. ఈ దీపం అలా దొరికిందే. పరుపు మాత్రం కొన్నాను, నల్లుల భయానికి. ఇంత మంచి కుర్చీ ఎవడు పారేశాడు, వాడికి కళ్లు లేవా అనుకున్నాను."

"కళ్లున్నాయి. కారు పెట్టుకోవడానికి చోటే లేదు."

ఆమెకి నవ్వు వచ్చింది గానీ, ఆవలింత ముందు వచ్చేసింది. నాకూ వచ్చింది. ఇద్దరం నోళ్లు తెరుచుకుని గుమ్మంలో నిలబడ్డాం. అలాంటప్పుడు ఎంత కోపమున్నా నిలవదు.

"తీసుకెళ్లండి," అని ఆమె కుర్చీని జరపబోయింది. "జాగ్రత్త, ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి పెట్టాను."

నేను వంగి చూశాను. నాన్న పెట్టే కాలి కిందే, నాన్న మడిచినట్టే అట్టముక్క ఉంది. ఆయన పోయాక ఆ కుర్చీ కాలికి ఏమైందని చూసినవాళ్లు మా ఇంట్లో లేరు.

"ఉండనీయండి," అన్నాను. "కారు తీస్తే చాలు."

"డ్యూటీకి వెళ్లే టైమైంది, తీసేస్తాను. ఊరి చివర ఒక పెద్దాయన్ని రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. మళ్లీ పొద్దున్నే రావడం." సూప్ గిన్నె కింద పెట్టి, కోటు వేసుకుంటూ ఆగింది. "మీరు ఎప్పుడు వెళ్తారు?"

"పొద్దున."

"నేను పొద్దున వస్తాను. మీరు ఎప్పుడొస్తారు?"

"సాయంత్రం."

"నేను సాయంత్రం పోతాను. మరి మధ్యలో కుర్చీ దేనికి? నా కారునే కుర్చీ అనుకోండి."

ఆమె పేరు నూబియా.

అలా మా ఇద్దరికీ ఒకే చోటు అయింది. పొద్దున నేను ఇంజను వేడెక్కించుకుంటూ కూర్చుంటే ఎర్ర కారు వచ్చి పక్కన ఆగేది. నేను తీసేవాణ్ని, ఆమె పెట్టేది. సాయంత్రం ఆమె తీసేది, నేను పెట్టేవాణ్ని. మధ్యలో రెండు కారు అద్దాలు దించుకుని నాలుగు మాటలు. వాటిలో రెండు మాటలు ఆవలింతలకే పోయేవి.

"నిద్ర పోయావా?" అనేవాణ్ని.

"పెద్దాయన పోనిస్తేగా. తెల్లార్లూ పేకాట. అందులోనూ దొంగాట. నువ్వు?"

"నేను పడుకుందామన్నా బస్సులో పిల్లలు పడుకోనివ్వరు."

"పోనీ ఎప్పుడైనా ఇద్దరం ఒక పూట నిద్రపోదాం," అంది ఒకరోజు. తర్వాత తన మాట తనకే వినపడి, "ఎవరిళ్లలో వాళ్లం," అని అద్దం పైకెత్తేసింది. ఆ రోజు స్కూలు దాటి రెండు వీధులు ముందుకి పోనిచ్చాను బస్సుని. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అమ్మకి విషయం మొదటి రోజే చెప్పాల్సి వచ్చింది.

"కుర్చీ ఇచ్చిందా ఆ పిల్ల?" అని అడిగేది భోజనం దగ్గర.

"లేదు."

"కూర్చుంటోందా దాని మీద?"

"ఆఁ. గదిలో ఇంకో కుర్చీ లేదు."

"అయితే ఉండనీ," అనేది. ఒకరోజు ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండిన దోల్మా డబ్బాలో సర్ది నా చేతికిచ్చింది. మర్నాడు డబ్బా వేయించిన అరటికాయ ముక్కలతో తిరిగొచ్చింది. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని ఈక్వడార్‌లో కూడా అనుకుంటారని అమ్మ అప్పుడే తెలుసుకుంది. ఆ తర్వాత డబ్బాకి విశ్రాంతి లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మళ్లీ దిగింది మంచు. ఇద్దరికీ సెలవు. చెరో పార పట్టుకుని దిగాం. నూబియా మంచుని ఎత్తి ఎత్తి నా మంచు మీదే పోస్తోంది.

"అటు పొయ్యి."

"ఎటు పోసినా నీ వైపే వెళ్తోంది. గాలి."

గాలేమీ లేదు. టోపీ కింద ఆమె ముక్కు ఎర్రగా కందిపోయింది, కనురెప్పల మీద మంచు పొడి నిలిచింది. నేను పార ఆనుకుని చూస్తుండిపోయాను. ఆమె కూడా కాసేపు చూడనట్టు నటించి, తర్వాత ఆ శ్రమ కూడా మానేసింది.

హలీనా గారి కిటికీ పైకి జరిగింది. "ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మంచు పోదర్రా. ఇలాగే నుంచుంటే వసంతం దాకా నేను కిటికీ మూయడం కుదరదు."

నాకు ఆ అమ్మాయంటే ఇష్టం. ఆ మాట బస్సు అద్దానికీ, మా మెట్లకీ, చివరికి పారకి కూడా చెప్పుకున్నాను. ఆమెకి మాత్రం చెప్పలేదు. నిద్ర చాలనివాడికి ధైర్యం కూడా చాలదేమో. ఏదో ఒక పొద్దున చెప్పొచ్చులే, చోటు ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

మార్చి మొదట్లో, సన్నగా వాన పడుతున్న ఒక పొద్దున, ఆమె అద్దం దించింది.

"పెద్దాయన్ని వాళ్లమ్మాయి ఫీనిక్స్ తీసుకెళ్లిపోతోంది," అంది. "నన్నూ రమ్మంటున్నారు. గది, తిండి వాళ్లవే. జీతం కూడా ఎక్కువ."

వద్దు అని నా నోటి దాకా వచ్చింది. రాత్రంతా మేలుకుని వాచిపోయిన ఆమె కళ్లు చూశాను. వద్దని ఆపి నేనేం ఇస్తాను, సగం పార్కింగ్ చోటా?

"మంచిదేగా," అన్నాను. "అక్కడ మంచు పడదు."

"పడదట."

"పార పట్టే పని లేదు."

"లేదట."

"మరింకేం."

వాన చుక్కలు ఆమె కారు లోపలికి పడుతున్నాయి. అద్దం ఎత్తలేదు. ఇంకేమైనా అంటానేమోనని చూసింది. నేను స్టీరింగ్ మీద గీతలు చూసుకుంటున్నాను.

"అవును, మరింకేం," అంది. "మీకు లేటవుతోంది, వెళ్లండి."

నన్ను మళ్లీ మీరు అంది. ఆ మాట నన్ను సాయంత్రం దాకా పొడుస్తూనే ఉంది.

"చెప్పావా?" అంది అమ్మ, ఆ పూట నేను అన్నం కెలుకుతుంటే.

"ఏం చెప్పాలి?"

"నా తలకాయ. అచ్చం మీ నాన్నవే. నన్ను అడగడానికి ధైర్యం చాలక ఏడాది పాటు మా ఇంటి ముందు సైకిలు బాగు చేసుకున్నాడు. ఆ సైకిలుకి ఏ రోగమూ లేదు."

"మరి ఎలా అడిగాడు?"

"ఆయనెక్కడ అడిగాడు? నేనే వెళ్లి సైకిలు లాక్కున్నాను."

వారం తిరక్కుండా మంచంతా కరిగిపోయింది. బకెట్లు లాండ్రీలోకి, ఇస్త్రీ బల్ల ఇంట్లోకి, మరియమ్మ హలీనా గారి అల్మారా మీదికి చేరాయి. వీధి నిండా ఖాళీ చోట్లే. ఎవరి కారు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఎర్ర కారు ఒకరోజు మలుపులో కనిపించింది, ఇంకోరోజు లాండ్రీ ముందు కనిపించింది, తర్వాత కనిపించలేదు. ఎదురు చూడాల్సిన పని లేకపోయినా పొద్దున ఇంజను వేసుకుని కూర్చునేవాణ్ని.

ఒక సాయంత్రం బస్సు అప్పగించి కారులో వస్తుంటే దూరం నుంచే కనిపించింది. ఎండకి పొడిగా ఆరిపోయిన రోడ్డు మీద నాన్న కుర్చీ.

ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామాన్లు రోడ్డు మీదే వదిలేసి పోతారు. వెళ్లిపోయింది. కనీసం మా గుమ్మం దాకా తెచ్చి ఇచ్చినా బాగుండేది, అమ్మతో ఒక మాట చెప్పినా బాగుండేది. కారు దిగి కుర్చీ దగ్గరికి వెళ్లి వీపు మీద చెయ్యి వేశాను. కింద అట్టముక్క పెట్టే ఉంది. పారేసే కుర్చీకి అట్టముక్క ఎందుకు పెట్టింది అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

"దాన్ని కదిపావంటే ఊరుకోను."

హలీనా గారి కిటికీ. ఆవిడ తల పక్కన ఇంకో తల ఉంది. చెంప మీద దిండు ముడతలు లేవు గానీ, ఆ మొహం నాకు చీకట్లో కూడా తెలుస్తుంది.

"మంచు లేనప్పుడు వస్తువు పెట్టకూడదని చెప్పాను ఈ పిల్లకి," అంది హలీనా గారు. "వింటేనా. ఈ వీధికి ఒక పద్ధతంటూ లేకుండా పోతోంది."

నూబియా కిందికి వచ్చింది. కుర్చీకి అటు ఆమె, ఇటు నేను.

"పారేశావనుకున్నాను," అన్నాను.

"పారేయలేదు. చోటు కోసం పెట్టాను."

"కారుకా?"

"మనిషికి."

ఆమె కుర్చీ వీపు మీది రెక్సిన్‌ని గోటితో గీకుతూ మాట్లాడింది. "ఫీనిక్స్ వెళ్లలేదు. నీకు కనపడకుండా కారు పక్క వీధిలో పెట్టుకున్నాను. మంచు పడని ఊళ్లో ఎక్కడ ఆపినా ఒకటేనట, చోటు కోసం ఎవరూ ఎదురు చూడరట. అలాంటి ఊళ్లో నేనేం చేయను? హలీనా గారికి వచ్చే వారం మోకాలి ఆపరేషను. పగలు ఆవిడ దగ్గర నేనుంటాను. నువ్వు వద్దంటావని ఎదురు చూశాను. నువ్వేమో అక్కడ మంచు పడదన్నావు."

"వద్దు," అన్నాను. "వెళ్లొద్దు. ఆ రోజే అందామనుకున్నాను. నువ్వంటే నాకు ఇష్టం నూబియా. ఆ కుర్చీ కాలి కింద అట్టముక్క చూసినప్పటినుంచి ఇష్టం."

"ఇంత చిన్న మాటకి ఇన్నాళ్లా?"

"మా ఇంట్లో అంతే. మా నాన్న సైకిలు గురించి అమ్మని అడుగు."

ఆమె నవ్వింది. ఈసారి ఆవలింత అడ్డం రాలేదు. "అయితే ఒక చిక్కుంది," అంది. "ఇకమీదట రాత్రిళ్లు రెండు కార్లూ ఇక్కడే ఉండాలి. చోటేమో ఒకటే. వచ్చే చలికాలం ఏం చేద్దాం?"

"నీ కారు అమ్మేద్దాం."

"నీదే అమ్మేద్దాం."

మా రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. అమ్మ ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

"ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది. ఆ కుర్చీ పైకి పట్రా. పిల్లని ముందు నడవమను, మెట్ల మీద దీపం పోయింది."

కుర్చీని టేబుల్ దగ్గర దాని పాత చోట పెట్టాను. అమ్మ దాని ముందు పళ్లెం వేసింది. నూబియా కూర్చుంది. అన్నం తిని, కడుపు నిండి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి వాలింది. కుర్చీ కిర్రుమంది.

అమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆ చప్పుడు మా ఇంట్లో విని చాలా రోజులైంది.

"వాలకమ్మా," అంది కాసేపటికి. "ఆయన కూడా ఇలాగే పాడు చేశాడు దాన్ని."

నూబియా గబుక్కున ముందుకి జరిగింది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, "పర్లేదు," అంది. "వాలు."